బేతాళుడు అడిగినట్టు అడగండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రొద్దుటూరు దగ్గర మండల పరిషత్ బడిలో ఐదో తరగతికి చెబుతున్నారు, 35 మంది పిల్లలు. కథ చదివించాక "మీకేమనిపించిందో రాయండి" అంటే అందరూ ఒకటే రాస్తున్నారని చెప్పారు: "ఈ కథ నాకు చాలా బాగా నచ్చింది. ఇందులో రాజు మంచివాడు. నీతి: ఎవరినీ మోసం చేయరాదు." నోటితో అడిగితే గలగలా మాట్లాడే పిల్లలు పెన్ను పట్టుకోగానే ఎందుకు బిగుసుకుపోతున్నారు, వీళ్ళ చేత సొంతంగా రాయించేదెలా అని అడిగారు.

నేను కర్నూలు జిల్లా పడమటి పక్క, పత్తికొండ, ఆదోని వైపు బళ్ళలో 26 ఏళ్ళు తెలుగు చెప్పాను. మీరు చెప్పిన ఆ మూడు వాక్యాలు కొన్ని వేల నోటుపుస్తకాల్లో చూసి ఉంటాను. ముందుగా ఒక మాట. అది పిల్లల బద్ధకం వల్ల వచ్చింది కాదు, వాళ్ళ తెలివి వల్ల వచ్చింది. ఒకటో తరగతి నుంచీ వాళ్ళు గమనించింది ఏమిటంటే, సార్ అడిగే ప్రశ్నకు జవాబు సార్‌కు ముందే తెలుసు. ఆయన మనసులో ఉన్న జవాబు మన కాగితం మీద కనిపిస్తే టిక్కు పడుతుంది. అందుకని ఎక్కడా టిక్కు తప్పని మూడు వాక్యాలు వాళ్ళే తయారుచేసుకున్నారు. మీరు ప్రశ్న మార్చనంతకాలం ఆ జవాబు మారదు.

ఎలాంటి ప్రశ్న అడగాలో నాకు నేర్పింది బేతాళ కథలు. శవాన్ని భుజాన వేసుకుని విక్రమార్కుడు నడుస్తుంటాడు, బేతాళుడు కథ చెబుతాడు, చివర్లో ఒక్క ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న ఎలాంటిదో ఒకసారి తలుచుకోండి. "ఆ రాజు పేరేమి, ఏ ఊరిని పాలించాడు?" అని బేతాళుడు ఎప్పుడూ అడగడు. కథ విన్నాడో లేదో పరీక్షించాల్సిన పని ఆయనకు లేదు. "ఈ ముగ్గురిలో ఎవరి త్యాగం గొప్పది? ఆ మనిషి మొదట ఎందుకు ఏడ్చాడు, తర్వాత ఎందుకు నవ్వాడు?" అంటాడు. దానికి జవాబు కథలో రాసి ఉండదు. కథను పట్టుకుని, తన న్యాయం తాను కలుపుకుని, విక్రమార్కుడే చెప్పాలి. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది కాబట్టి మౌనం వీడి మరీ చెబుతాడు. పిల్లల దగ్గర చెప్పడానికి ఏమీ లేదని మనం అనుకుంటాం కానీ, సరైన ప్రశ్న తగిలితే వాళ్ళూ చెప్పకుండా ఉండలేరు.

నా క్లాసులో జరిగింది చెబుతాను. ఐదో తరగతిలోనే. ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలు ఉండరు కదా. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండదు. ఎందుకెండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది, గడ్డిని ఆవు మేయలేదు, ఆవును పాలేరు మేపలేదు, పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లోడు ఏడ్చాడు కాబట్టి అవ్వకు కుదరలేదు, పిల్లోణ్ణి చీమ కుట్టింది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది చీమ. ఇది చదివించి, "వీళ్ళలో ఎవరి మాట మీకు సరిపోలేదో వాళ్ళకే నేరుగా రాయండి. నాలుగు నిమిషాలు. తప్పులు నేను చూడను" అన్నాను. ఎక్కువమంది చీమకు రాశారు, కొందరు పిల్లోడికి రాశారు. ఒక పిల్లవాడు మాత్రం పాలేరుకు రాశాడు. వాళ్ళ నాయన ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇంట్లో జీతానికి ఉండేవాడు. ఆ కాగితం నా దగ్గర చాలా ఏళ్ళు ఉంది, కాబట్టి మాటలు గుర్తున్నాయి:

"పాలేరన్నా, అవ్వ బువ్వ పెట్టకుంటే నువ్వే పెట్టుకొని తినాల గదా అని మావోళ్ళు అంటాండారు. నువ్వు యాల పెట్టుకోలేదో నాకు తెలుసు. మా నాయన గూడా వాళ్ళ ఇంట్లోకి పోడు. వాకిట్లో కూసుంటాడు. పిలిచి పెడితేనే తింటాడు. ఆకలి మీద ఆవును మేపనీకి ఎట్ల పోతావు."

ఆ కథను నేను చిన్నప్పటి నుంచి విన్నాను, టీచరయ్యాక కొన్ని వందల సార్లు చెప్పాను. పాలేరుకూ బువ్వకూ మధ్య ఒక గడప ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు. పదేళ్ళ పిల్లవాడికి తట్టింది, ఎందుకంటే ఆ గడప అవతల కూర్చున్నది వాళ్ళ నాయన. అదే రోజు ఒక పాప అవ్వ పక్షాన రాసింది: "అవ్వ ఒక్కతే వంట చేయాల, పిల్లోణ్ణి ఎత్తుకోవాల. ఏడు మంది కొడుకులు ఉండి ఏం చేస్తాండారు? వేటకు పోయేది తప్ప పని లేదా?" ఆ రెండు కాగితాలూ, రాసిన పిల్లలను అడిగి, వాళ్ళు సరేనన్నాకే చదివి వినిపించాను. తర్వాత పీరియడ్ అయ్యేదాకా క్లాసు ఆగలేదు. తప్పు చీమదని రాసినవాళ్ళు కూడా రాజుగారి ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఇక్కడ మీరు పట్టుకోవాల్సింది వరుస. చదవగానే ముందు రాత, ఆ తర్వాతే మాట. మనం సాధారణంగా తలకిందులుగా చేస్తాం. ముందు చర్చ పెడతాం, గొంతున్న ఇద్దరు ముగ్గురు మాట్లాడతారు, ఆ తర్వాత రాయమంటే మిగతా 30 మంది ఆ ఇద్దరి మాటే రాస్తారు. ముందే నాలుగు నిమిషాలు ఎవరికి వాళ్ళు రాసుకుంటే వెనక బెంచీలోని నోరు లేని పిల్లకు కూడా చేతిలో ఒక మాట ఉంటుంది. చర్చ అయ్యాక మళ్ళీ రెండు నిమిషాలు ఇవ్వండి: "ఇప్పుడు నీ మాట మారిందా? ఎవరి మాట విని మారింది?" ఆ రెండో రాత చిన్నదే అయినా, పిల్ల ఆలోచన కదిలిన చోటు అందులోనే కనిపిస్తుంది.

అమెరికాలో లూయీజ్ రోజెన్‌బ్లాట్ అనే ఆచార్యురాలు 1938 నుంచే ఈ సంగతి రాస్తూ వచ్చారు. అర్థం అనేది పుస్తకంలో మూటగట్టి ఉండదు, చదివేవాడి బతుకూ పుస్తకమూ కలిసినచోట పుడుతుంది అన్నది ఆమె మాట. ఆమె ఇచ్చిన ఉదాహరణ ఒకటి నాకు బాగా పట్టుకుంది. బిడ్డ విషం మింగేసింది, తల్లి ఆ సీసా మీద లేబుల్ చదువుతోంది. అప్పుడామెకు కావలసింది ఒక్కటే, విరుగుడు ఏమిటి అని. పురుగుమందు డబ్బాలు ఇంటి మూలల్లో ఉండే మన పల్లెల్లో ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. లేబుల్‌ను అలాగే చదవాలి, సమాచారం తీసుకుని పక్కన పెట్టాలి. కానీ కథనూ పద్యాన్నీ కూడా బళ్ళో లేబుల్‌లాగే చదివిస్తున్నాం. రాజు పేరు, ఊరి పేరు, నీతి తీసుకుని పుస్తకం మూసేస్తున్నాం. కథ చదువుతున్నప్పుడు లోపల ఏం జరిగిందో అడగడం లేదు.

మీరు రాసిన దాంట్లో ఇంకో మాట ఉంది: "తప్పులు దిద్ది దిద్ది నాకే విసుగొస్తోంది." దీని గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగో తరగతి పాప ఒకతె, ఏదో కుక్కపిల్ల కథ చదివి, వాళ్ళ మేకపిల్ల గురించి పేజీ నిండా రాసింది. సంతలో అమ్మేశారట, అది తిరిగి చూసిందట. నేను ఎర్రసిరాతో పదకొండు తప్పులు చుట్టి, కింద "చక్కగా రాయాలి" అని రాసి ఇచ్చాను. మేకపిల్ల గురించి ఒక్క మాట రాయలేదు. ఆ పాప తర్వాత ఆ సంవత్సరమంతా "కథ బాగుంది" తప్ప రెండో వాక్యం రాయలేదు. ఇప్పుడు కూడా ఆ పేజీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

అందుకని స్పందనల కోసం వేరే నోటుపుస్తకం పెట్టండి, అందులో ఎర్రపెన్ను తాకనివ్వకండి. తప్పులు వదిలేయమని అనడం లేదు. పదిమంది పుస్తకాల్లో కనిపించిన తప్పులు మీ డైరీలో రాసుకోండి. ఒత్తులు, శ-ష-స, ణ-న, ళ-ల, ఇవే ఎక్కువ ఉంటాయి. వేరే రోజు బోర్డు మీద అందరికీ కలిపి నేర్పండి. ఎవరి పుస్తకం నుంచి తీశారో చెప్పకండి.

పుస్తకంలో ఎర్రగీతల బదులు ఏం రాయాలి? జవాబు రాయాలి. ఉత్తరానికి జవాబు రాసినట్టు. నా లెక్క రెండు వాక్యాలు: మొదటిది పిల్ల చెప్పిన సంగతి మీద నా మాట, రెండోది నిజంగా నాకు తెలియని ఒక ప్రశ్న. పాలేరుకు రాసిన పిల్లవాడికి నేను రాసింది ఇది: "గడప సంగతి నువ్వు చెప్పేదాకా నాకు తెలియలేదు. మీ నాయన పొద్దున ఎన్నింటికి పోతాడు, మొదటి బువ్వ ఎన్నింటికి తింటాడు?" మరుసటి రోజు వాడు అర పేజీ రాసుకొచ్చాడు, నేనేమీ హోంవర్క్ ఇవ్వకుండానే. 35 మందికీ రోజూ ఎలా రాస్తానని టెన్షన్ పడకండి. రోజుకు ఏడుగురు, ఐదు రోజులకు అందరూ అయిపోతారు. ఏడు పుస్తకాలకు ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత కూర్చుంటే సరిపోతుంది.

రాయడానికి పిల్లలకు ఒక దారి కావాలి, ఖాళీ పేజీ భయపెడుతుంది. నాకు అన్నిటికన్నా బాగా పనికొచ్చింది ఖాతాపుస్తకం పద్ధతి. ఆదోని పత్తి యార్డు దగ్గర దుకాణాల్లో చూస్తుంటాం కదా, పేజీ మధ్యలో నిలువుగా గీత, ఒకపక్క జమ, ఒకపక్క ఖర్చు. అలాగే పేజీని రెండు చేయించండి. ఎడమపక్క "పుస్తకం మాట", కుడిపక్క "నా మాట". ఎడమపక్క పుస్తకంలోంచి తనను ఆపేసిన ఒక్క వాక్యం ఉన్నదున్నట్టు ఎక్కించాలి. కుడిపక్క ఆ వాక్యం దగ్గర తనకేమైందో రాయాలి. సరిగ్గా రాయలేని పిల్ల కూడా ఎడమపక్క వాక్యం ఎక్కించగలదు, దాంతో చేయి కదులుతుంది, కదిలిన చేయి కుడిపక్కకు వెళుతుంది. మొదట్లో కుడిపక్కకు మూడు ఎత్తుగడలు గోడ మీద రాసి పెట్టండి: "ఇది చదివితే నాకు … గుర్తొచ్చింది", "… ఎందుకట్లా చేసిందో నాకు అర్థం కాలేదు", "నేనే ఆడ ఉంటే …". నెల రోజులకు వాటి అవసరం పోతుంది, అప్పుడు తీసేయండి. లేకపోతే అవే కొత్త "బాగా నచ్చింది" అవుతాయి.

ఆవు-పులి కథ చదివినప్పుడు ఒక పాప పేజీ ఇలా ఉంది. ఎడమపక్క: "నా బిడ్డకు పాలిచ్చి తిరిగి వస్తానని ఆవు పులితో చెప్పింది." కుడిపక్క: "మాయమ్మ గూడా గుంటూరు పోయేటప్పుడు ఉగాదికి వస్తా అని చెప్పింది. ఉగాది అయిపాయ. వచ్చినాక మాట్లాడలేదు నేను. రాత్రి పక్కన పండుకున్న్యా." మా పడమటి మండలాల నుంచి, కోసిగి వైపు మరీ ఎక్కువ, మిరపకాయలు కోయడానికి కుటుంబాలు గుంటూరు వలస పోతాయి. కొందరు పిల్లలు వెంట వెళ్ళి బడికి దూరమవుతారు, కొందరు అవ్వల దగ్గర మిగిలిపోతారు. ఈ పాప మిగిలిపోయిన పిల్ల. మనం ఆవు సత్యసంధత అని నీతి చెప్పుకుంటూ వెళ్ళే చోట, ఆ పాప దూడ పక్కన కూర్చుని ఉంది. ఆ పేజీ నేను క్లాసులో చదవలేదు, చదవకూడదు కూడా. కింద నా రెండు వాక్యాలు రాసి పుస్తకం ఆమె చేతికే ఇచ్చాను. వలస వెంట వెళ్ళే పిల్లలు మీ దగ్గర ఉంటే పోయేటప్పుడు ఒక కథల పుస్తకం, ఈ నోటుపుస్తకం సంచిలో పెట్టి పంపండి. అందరూ రాయరు. రాసుకొచ్చినవాళ్ళ పేజీలు మాత్రం మీరు మర్చిపోలేరు.

ఇంతకీ ఆ మాటలన్నీ యాసలో ఉన్నాయని గమనించే ఉంటారు. ఉండనివ్వండి. "యాల", "యాడ", "జేజి", "పండుకున్న్యా" అనేవి ఆ పిల్లలు ఆలోచించే మాటలు. పుస్తకభాషలోకి మార్చి రాయమంటే, మార్చడం చేతకాని ఆలోచనను వాళ్ళు వదిలేస్తారు. పుస్తకభాష తెలుగు పీరియడ్‌లో వేరుగా నేర్పుతాం, నేర్పాలి కూడా. ఆదోనిలో ఇంట్లో ఉర్దూ, కన్నడం మాట్లాడే పిల్లలు నాకు చాలామంది ఉండేవారు. అమ్మమ్మను "నానీ" అని రాస్తే నానీ అనే ఉంచాను.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకైతే బొమ్మ. కథలో తమకు నచ్చిన చోటు గీయమనండి, దాని గురించి వాళ్ళు చెప్పింది చెప్పినట్టే కింద మీరు రాయండి, వేలు పెట్టి వాళ్ళ చేతే చదివించండి. తాము అన్న మాట అక్షరాలయ్యి కనిపించడం ఆ వయసులో చాలా పెద్ద సంగతి.

పద్యాల గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే బట్టీ ఎక్కువగా ఉండేది అక్కడే. వేమనను మన సీమవాడని చెప్పుకుంటాం, కదిరి పక్కన కటారుపల్లెలో ఆయన సమాధి ఉంది. 1829లోనే ఆ పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించిన బ్రౌన్ దొర మీ కడపలో ఇల్లు కొనుక్కుని పండితులను పెట్టి పని చేయించాడు. మన పిల్లలకు మాత్రం వేమన అంటే గైడులోని నాలుగు వరసల భావం. భావం అడగడం ఆపి ఇలా అడిగి చూడండి: "ఈ పద్యం మీ ఊళ్ళో ఎవరికి చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి?" ఉప్పు, కర్పూరం చూడ్డానికి ఒకేలా ఉంటాయన్న పద్యానికి ఒక పిల్లవాడు రాసింది: "విత్తనాల అంగడాయనకు చెప్పాల. పోయినేడు మా నాయన తెచ్చిన పత్తి ప్యాకెట్టు మంచిదాని మాదిరే ఉండె. మొలక రాలేదు." ఆ పద్యానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

మార్కుల సంగతి. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చినప్పుడు, ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలో "పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు" అని 50కి 10 మార్కులు పెట్టారు. పిల్లలు కథల పుస్తకాలు చదివి తమ మాట రాయాలన్నది మంచి ఉద్దేశం. చాలాచోట్ల అది నివేదికగా మారిపోయింది: పుస్తకం పేరు, రచయిత, పాత్రలు, నీతి. ఒకరు రాస్తే పదిమంది చూసి రాస్తారు. మీకు రికార్డు కావాలంటే ఈ నోటుపుస్తకం నుంచే పిల్లనే ఒక పేజీ ఎంచుకోమనండి, దాన్ని కాస్త సరిచేసుకుని వేరే కాగితం మీద ఎక్కించమనండి. మార్కు ఆ కాగితానికి వేయండి, పుస్తకానికి వేయకండి. మార్కు పడుతుందని తెలిస్తే మళ్ళీ ఆ మూడు వాక్యాలే వస్తాయి.

చదివిన ప్రతిదానికీ రాయించకండి. వారానికి రెండుసార్లు చాలు. మిగతా రోజులు చదివి, నవ్వుకుని, పుస్తకం బీరువాలో పెట్టేసినా ఏమీ కాదు. రాత భయంతో పిల్లలు చిన్న పుస్తకాలే వెతుక్కోవడం మొదలుపెట్టారంటే మనం శ్రుతి మించామని అర్థం.

ఇంకొకటి జాగ్రత్తగా చూసుకోవాలి. ఇలా రాయించడం మొదలుపెట్టాక పిల్లలు ఇంటి సంగతులు రాస్తారు. నాయన తాగి కొట్టడం, అప్పులవాళ్ళు వాకిట్లోకి రావడం రాస్తారు. ఆ పుస్తకాలు టేబుల్ మీద అందరికీ అందేటట్టు పడేయకండి, స్టాఫ్‌రూమ్‌లో ఆ మాటలు మాట్లాడకండి. పిల్లను అడగకుండా ఏ పేజీ చదివి వినిపించకండి. అయితే పిల్లకు ప్రమాదం ఉందనిపించే మాట కనిపిస్తే రహస్యం అని ఊరుకోకూడదు. హెడ్‌మాస్టరుకు చెప్పండి, అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. ఈ సంగతి మొదటి రోజే పిల్లలకు కూడా చెప్పేయండి: "మీరు రాసింది నేను ఎవరికీ చెప్పను, మీకు ఎవరైనా హాని చేస్తుంటే తప్ప."

మొదటి రెండు మూడు వారాలు రెండేసి వాక్యాలే వస్తాయి. అందులో సగం "బాగుంది"లే ఉంటాయి. "ఎక్కడ బాగుంది? ఏ మాట దగ్గర?" అని కింద రాసి ఇస్తూ ఉండండి. వాళ్ళు మిమ్మల్ని పరీక్షిస్తుంటారు, ఈ టీచరమ్మ నిజంగానే చదువుతోందా అని. ఎవరో ఒక పిల్ల ముందు తెగిస్తుంది, ఆమెకు మీరిచ్చిన జవాబును చూసి పక్క పిల్ల రాస్తుంది.

సోమవారం ఏడు చేపల కథతోనే మొదలుపెట్టండి. మీ పిల్లలందరికీ వచ్చిన కథే కాబట్టి చదవడంలో కష్టం ఉండదు. చీమ దాకా వెళ్ళి, నీతి చెప్పకుండా, ఎవరికి రాస్తారో వాళ్ళనే ఎంచుకోమనండి. గడియారం చూసి నాలుగు నిమిషాలు. మీరూ వాళ్ళతోపాటు కూర్చుని రాయండి, పిల్లలు చూసేటట్టు. వాళ్ళేం రాశారో, పేర్లు తీసేసి, వాళ్ళు ఒప్పుకుంటే ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా ఆ ఏడో చేపకు ఎవరైనా రాశారేమో చూడండి. 26 ఏళ్ళలో నా క్లాసులో ఎవరూ రాయలేదు.